చలినీళ్ళలో చెక్కచేప

నేను ఒక అబద్ధాన్ని. జానెడు పొడవు, అంకుడు కర్ర ఒళ్ళు, మీద లక్క రంగులు, పొట్ట కింద రెండు గేలాలు. చేపను కాకపోయినా చేపనని నమ్మించి చేపల్ని పట్టించడమే నా బతుకు.

నన్ను చేసింది ఏటికొప్పాకలో వీరభద్రాచారి. నలభై ఏళ్ళుగా బొమ్మలు చేస్తున్న మనిషి. కావలసింది ఆటబొమ్మ కాదు, ఎర అని ఎంత చెబితే మాత్రం చేతి అలవాటు పోతుందా? నా మూతికి చక్కటి ఎర్రటి నవ్వు దిద్దేశాడు. చావుకి పిలవాల్సిన దాన్ని, నా మొహం చూస్తే పెళ్ళికి పిలుస్తున్నట్టుంటుంది!

చేయించుకున్నవాడు లోవరాజు, రిటైరైన బస్సు కండక్టరు. చింతపల్లి ఘాటు పైన ఒక జలాశయం పక్క ఊళ్ళో కాపురం. అక్కడ పుష్యమాసంలో నీళ్ళలో వేలు పెడితే ఆ వేలు ఇక మనది కాదు. శివరాత్రి దాటితే గానీ కొర్రమీను నోరు తెరవదని ఊరందరి మాట. లోవరాజు ఒప్పుకుంటేగా!

"సలికి బద్దకించిన పెద్ద సేప పది సిన్న సేపల యెనకాల పరిగెడతాదేటి? ఒక్క పెద్ద ముద్ద దాని నోటి ముందుకి రావాల. అప్పుడు సూడు!" అని పైడియ్య టీకొట్టులో బల్ల గుద్ది చెప్పేవాడు.

ఆయన చెప్పింది నిజమే. నేను నీళ్ళలో దిగి చూశానుగా. గట్టుకి కాస్త దూరంలో మునిగిపోయిన మోడు ఒకటుంది. దాని కింద మనిషి తొడంత కొర్రమీను కదలకుండా పడుకుని ఉండేది. దాన్ని దగ్గరగా చూడాలని నాకెంత కుతూహలమో! కానీ లోవరాజు ముప్ఫై ఏళ్ళు "రైట్ రైట్" అంటూ బతికిన మనిషి. నన్ను విసరడమే ఆలస్యం, రీలు గిరగిరా తిప్పేసేవాడు. ఆ స్టాపులో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా మోడు ముందు నుంచి దూసుకుపోయేదాన్ని. అది కన్ను తిప్పేలోపు నేను గట్టు మీదుండేదాన్ని.

రెండు చలికాలాలు గడిచినా ఒక్క చేపా పడలేదు. టీకొట్టులో ఆయనకి "చెక్కచేప లోవరాజు" అని పేరు పడింది. ఆయన భార్య దేముడమ్మ కూడా ఊరుకోలేదు. "సెక్కని తినే సేపకి బుర్ర లేదు, దాన్నట్టుకు తిరిగే ఈయనకీ లేదు" అని పదిమందిలో అనేసింది. అందరితో పాటు ఆయనా నవ్వాడు గానీ, ఆ పూట టీ తాగకుండానే లేచి వచ్చేశాడు.

మూడో చలికాలం రాకముందే గుండె ఆగి పోయాడు. పెద్దదినం భోజనాల్లో ఎవరో "పాపం, మన చెక్కచేప లోవరాజు" అన్నారు. బంతిలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. వడ్డిస్తున్న దేముడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ నవ్వులో ఒకప్పుడు తనూ ఉంది. తన మొగుడు పిచ్చివాడు కాదని తేలేదాకా ఆవిడకి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పుష్యమాసం వచ్చింది. ఒక పొద్దున మంచు విడవకముందే దేముడమ్మ నన్ను పట్టుకుని గట్టుకి వచ్చింది. ఆవిడ కుడి చెయ్యి ఏడాదిగా నొప్పి, పైకి లేవదు. అందుకని ఎడమ చేత్తో విసిరింది. నాలుగో విసురుకి మోడు దగ్గర పడ్డాను. ఇక ఆ నొప్పి చేత్తోనే రీలు తిప్పాలి. అరచుట్టు తిప్పడం, "అమ్మో" అని ఆగడం. మళ్ళీ అరచుట్టు.

పుట్టాక మొదటిసారి నేను నీళ్ళలో నిలబడ్డాను.

అది నన్ను చూసింది. నేనూ దాన్ని చూశాను. దాని కళ్ళలో కోపం లేదు, తొందరా లేదు. "ఎవర్రా నువ్వు, నవ్వుతున్నావు?" అన్నట్టు నెమ్మదిగా దగ్గరికొచ్చింది. వచ్చి నోరు తెరిచింది.

ఆ పళ్ళు దిగిన గాట్లు నా వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి. టంగుసు దారం బిగుసుకుంది. దేముడమ్మ గేలం కర్రని పొట్టకి ఆనించుకుని, వెనక్కి నడుస్తూ, ఏడుస్తూ, "రా తల్లీ, రా" అని లాగింది. నాలుగు కిలోల కొర్రమీను గట్టెక్కింది.

ఇంటికి కూడా వెళ్ళలేదు. తిన్నగా టీకొట్టుకి వెళ్ళి, నోట్లో నేనుండగానే చేపని బల్ల మీద పడేసింది.

"ఇంత సలిలో ఎలాగ పడ్డాదమ్మా?" అన్నాడు పైడియ్య.

"ఆయనే సెప్పేడు. సలికి సేప మందంగా ఉంటాది, తొందరపడకూడదు, నెమ్మదిగా లాగాలని."

లోవరాజు ఆ మాట ఏనాడూ అనలేదు. నా పుట్టుకే అబద్ధం, అయినా అంత చక్కటి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

"లోవరాజు గారు గట్టోరే!" అన్నాడు పైడియ్య. ఆ కొట్టులో ఆయన పేరు చివర గారు చేరడం అదే మొదలు. ఎవ్వరూ నవ్వలేదు, నేను తప్ప. నా మూతి సంగతి మీకు తెలిసిందే కదా.

అసలు నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం: దేముడమ్మ, నేను, ఆ కొర్రమీను. దాన్ని ఆవిడ పులుసు పెట్టి కొట్టులో అందరికీ పంచేసింది.

సాయంత్రం నన్ను కడిగి, లోవరాజు ఫొటో పక్కన మేకుకి తగిలించింది. నా వీపు మీది గాట్లు వేలితో తడిమింది. తర్వాత ఫొటో వైపు తిరిగి కోప్పడింది.

"ఒక్కసారి నెమ్మదిగా లాగుంటే నీకే పడేది కదయ్యా. అన్నిటికీ తొందరే నీకు. పోడానికీ తొందరే."