రాశానన్న డిస్కు

పశువుల ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేది డాక్టరమ్మ మరదలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా జంతువుల చికిత్స వివరాలుండే డేటాబేసు ఫైలు పాడవుతోంది. ఆమె పాత కాపీ తెచ్చి పెట్టడం, కొన్నాళ్లు గడవడం, మళ్లీ కథ మొదటికి రావడం. తప్పు ప్రోగ్రాముదేనని పట్టుబట్టి దాన్ని మార్చింది. తర్వాత కంప్యూటరును నడిపే లైనక్సును కొత్తగా ఎక్కించింది. ఊహూఁ. అన్నం ముందు కూర్చున్నా మనసు అక్కడే. కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే, "మా దగ్గరికి నిజంగానే కాళ్లు కాలిన పిల్లులొస్తాయి, నీకంటే అవే నయం," అని వదిన ఏడిపించేది.

ఆ ఉదయం కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. ఈసారి ఫైలు శుభ్రంగా తెరుచుకుంది. గండం గడిచిందనుకుంది మరదలు. కాసేపటికి లోపలి గదిలో గొంతులు లేచాయి. ఒక ముసలి కుక్కకు రెండో డాక్టరు ఇంజెక్షను సిద్ధం చేశాడు. మందు ఇచ్చినట్టు తెర మీద లేదు మరి. వదిన వెళ్లి చేయి పట్టుకుని ఆపింది. అప్పటికే తానే ఇచ్చి, కంప్యూటర్లో ఎక్కించి, 'సేవ్ అయింది' అని కనబడ్డాకే లేచిందట.

"నీ కంప్యూటరు రాశానంది. మరి ఎక్కడికి పోయింది?" అని వదిన నెమ్మదిగా అడిగింది. తిట్టినా బాగుండేదనిపించింది మరదలికి.

కాసేపు కాగితాలతో నెట్టుకురండని డాక్టర్లిద్దరినీ బతిమాలి, ఆమె ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. వరసగా అంకెలు రాసే చిన్న ప్రోగ్రాము తయారు చేసింది. ప్రతి అంకె దగ్గరా అది ఆగి, 'డిస్కులోకి దిగిందా?' అని అడుగుతుంది. దిగిందన్న జవాబు వచ్చాకే ఆ అంకెను ఆమె ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. అంకెలు పరుగెడుతుండగా ప్లగ్గు పీకేసింది. తిరిగి ఆన్ చేసి చూస్తే, ల్యాప్‌టాప్‌కు చేరిన చివరి అంకెలు డిస్కులో లేవు. మళ్లీ పీకింది. మళ్లీ అంతే.

పాపం, ప్రోగ్రాముదీ లైనక్సుదీ తప్పు లేదు. అవి అడగాల్సింది అడుగుతూనే ఉన్నాయి. డిస్కే, వచ్చినదాన్ని కరెంటు పోతే చెరిగిపోయే తన తాత్కాలిక మెమరీలో పడేసుకుని, అసలు చోట రాయకుండానే రాశానని బొంకుతోంది.

ఆ మెమరీని వాడకుండా ఆపేసి ప్లగ్గు పీకింది. అంకెలు సరిపోయాయి. నమ్మకం చాలక మళ్లీ పీకింది. సరిపోయాయి. మళ్లీ పీకబోతుంటే వదిన వచ్చి తీగ పక్కకు జరిపింది.

"దొంగ దొరికాడుగా, ఇంకా ఏంటి?"

"పాడైన ఫైలైతే కనబడింది వదినా. ఇన్నాళ్లూ చప్పుడు లేకుండా పోయినవెన్నో ఎలా తెలుస్తుంది?"

వదిన ముఖంలో నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని ఫోను తీసింది. ఈమధ్య వచ్చిన పెంపుడు జంతువుల యజమానులకు ఇద్దరూ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏ మందులిచ్చామో అడగసాగారు. ఆ మెమరీ ఆపేశాక, కొత్త డిస్కు వచ్చేదాకా సేవ్ కావడం నత్తనడకేనని రెండో డాక్టరు గొణిగినా ఎవరూ పట్టించుకోలేదు.

కుందేలు తెచ్చినావిడ ఆ రోజు రెండు మందులిచ్చారుగా అంది. తెర మీద ఒకటే ఉంది. మరదలు రెండోది ఎక్కించి, అది డిస్కులోకి దిగేదాకా కాలు ఆడిస్తూ కూర్చుని, ఇంకో నంబరు నొక్కింది.