ఒట్టి రోలు

మా ఆయన నరసింగరావు ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. ఇంట్లో కుక్కరు మూత బాగుచేయమంటే నెల గడుపుతాడు గానీ, చెల్లెలు ఛాయ కోసం ఫ్యాక్టరీల వాడ హథ్‌ఖోజ్‌లో స్నేహితుడి షెడ్డులో కూర్చుని ఏకంగా యంత్రమే తయారుచేశాడు. మామూలుగా అయితే దెప్పిపొడిచేదాన్నే. ఈసారి షెడ్డుకే అన్నం క్యారేజీ కట్టి పంపాను.

ఛాయను మాకు దగ్గర్లోనే, ఉతై ఊరికి అవతల పల్లెలో ఇచ్చారు. వాళ్ళూ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ వాళ్ళ సీమకి వచ్చి స్థిరపడినవాళ్ళే. అటుకులు దంచి అమ్మడం వాళ్ళ బతుకు. నానిన వడ్లు వేయించి, వేడి చల్లారకముందే రోట్లో పోసి దంచాలి. కడుపుతో ఉన్నా ఛాయకి రోకలి ఎత్తక తప్పలేదు. అలా రెండుసార్లు కడుపు పోయింది. మళ్ళీ నెల తప్పిందని తెలియగానే మా ఆయన, "ఈపాలి అది రోకలి ముట్టుకోకూడదు," అన్నాడు.

తొంభై నాలుగు వానాకాలంలో యంత్రాన్ని టెంపోలో వేసుకుని వెళ్ళాం. మోటారు తిరిగితే ఇనప రోకలి దానంతటదే లేచి రాతి రోట్లో పడుతుంది. బిగింపులన్నీ చూసి ఆయన స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ముందు వడ్లు పొయ్యి బాబూ," అంది ఛాయ అత్తగారు అప్పయమ్మ.

"ముందు నో-లోడ్ ట్రయల్ అత్తా. ఖాళీగా తిప్పి సూడకుండా లోడివ్వకూడదు. మా ప్లాంట్లో రూలు."

"ఒట్టి రోలు దంచకూడదు. ఎవులినో పిల్సినట్టవుతాది."

"ఎవులొస్తారేటి? వస్తే టీ ఇద్దుం," అని నవ్వి స్విచ్చి వేశాడు.

ధమ్, ధమ్. ఒట్టి రాయి మీద ఇనుము. నా పళ్ళు జివ్వుమన్నాయి. అరుగు మీద కూర్చున్న ఛాయ ఉలిక్కిపడి కడుపు పట్టుకుంది.

"వదినా! కదిలినాది!"

ఐదో నెల. మొదటి కదలిక. అప్పయమ్మ కూడా తన భయం మరిచిపోయి నవ్వింది. నేను వెళ్ళి ఛాయ కడుపు మీద చెయ్యి పెట్టాను. ధమ్మంటే ఒక తన్ను. ధమ్మంటే ఇంకో తన్ను. మా ఆయన స్విచ్చి ఆపాడు. నా అరచేతి కింద తన్నులు ఆగిపోయాయి. నవ్వుతూనే ఉన్నాను గానీ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

అటుకులు బాగానే వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళు బుట్టలు తెచ్చి దంచించుకుని, చేతులు ఖాళీగా ఉండడం కొత్తగా ఉందని నవ్వుకునేవారు. ఛాయ మాత్రం యంత్రం పక్కనుంచి లేచేది కాదు. ఆపితే చాలు, ముఖం పాలిపోయేది. డాక్టరమ్మ చూసి, బిడ్డ నిద్రపోతుందేమో అంది. యంత్రం ఆగినప్పుడల్లా నిద్రపోయే బిడ్డ ఎక్కడైనా ఉంటుందా?

పెద్ద వానకి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కబురంది మేం వెళ్ళేసరికి ఛాయ వాకిట్లో పాత రోటి దగ్గర రోకలి పట్టుకుని నిలబడి ఉంది.

"ఒగ్గెయ్ ఛాయా!" అని అరిచాను.

"కదల్నేదు వదినా. కరెంటు పోయినకాడి నుంచీ కదల్నేదు. నాను దంచితే కదుల్తాదేమో."

అప్పయమ్మ వచ్చి రోకలి లాక్కుంది. కోడలి చేత అన్నాళ్ళు దంచించిన మనిషి. ఇంట్లో వడ్లన్నీ వానకి తడిసి మొలకెత్తాయి, రోట్లో వెయ్యడానికి గింజ లేదు. ఆమె ఒక్క క్షణం రోట్లోకి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని ఒట్టి రోలే దంచింది.

ఛాయ కడుపు కదిలింది. చీర మీదనుంచే నాకు కనిపించింది.

అప్పయమ్మ అలిసిపోతే పక్కింటి కుముదిని అందుకుంది. తర్వాత ఇంకొకామె. పిలవకుండానే వచ్చారు, రాత్రీ పగలూ వంతులు వేసుకున్నారు. మా ఆయన కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, తిట్టి, మూడో రోజుకి ట్రాన్స్‌ఫార్మర్ మార్పించాడు. పరుగున వచ్చి స్విచ్చి వేశాడు.

ఇనప రోకలి లేచి పడసాగింది. కుముదిని తన రోకలి గోడకు చేరవేసి చేతులు దులుపుకుంది. అందరం ఛాయ వైపు చూశాం. ఆమె కడుపు మీద రెండు చేతులూ పెట్టి అటూ ఇటూ తడిమి చూసుకుంది.

"కదల్నేదు అన్నియ్యా."

ఆయన మోటారు పట్టా బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. యంత్రంలో తప్పేమీ లేదు. చివరికి దాన్ని ఆపేసి, పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"దానికి మన సేతులు అలవాటైపోనాయి," అంది అప్పయమ్మ మెల్లగా.

ఛాయ లేచి రోకలి కోసం చెయ్యి చాచింది. ఆమెకంటే ముందే నేను అందుకున్నాను. పుట్టకముందే ఇంతమంది ఆడవాళ్ళ రెక్కలు అడుగుతున్న ఆ బిడ్డ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోతుందేమోనని అంతకంటే ఎక్కువ భయం వేసింది. కొంగు నడుముకు బిగించి దంచడం మొదలుపెట్టాను. తర్వాతి వంతు కోసం కుముదిని వచ్చి నా పక్కన నిలబడింది. నెలలు నిండడానికి ఇంకా చాలా ఉంది.