టీ డబ్బాలో మాత్రలు

"ఆ పేరు వినగానే పిల్ల కుప్పకూలిపోతే?" అన్నాను పైకే.

వంటింట్లో వినేవాళ్ళెవరూ లేరు, పళ్ళెంలో గోధుమరవ్వ తప్ప. శుక్రవారం కదా, మా శుక్రవారపు వంట కుస్కుస్ కోసం తడిచేత్తో రవ్వ రుద్దుతున్నాను. ఉండలు కడితే మా ఆడపడుచు ఇట్టో, "నీ మనసులాగే ఉంది వదినా, అన్నీ ముద్దలే" అంటుంది. ఇవాళ నిజంగానే అన్నీ ముద్దలు. నేను చదివింది మూడో తరగతి, భయపడటంలో మాత్రం పైచదువులన్నీ అయ్యాయి. కానీ నిన్నటినుంచి భయంతో పాటు ఇంకేదో కూడా లోపల మరిగే కెటిల్ మూతలా ఎగురుతోంది. అది సంతోషమని ఒప్పుకోవడానికీ భయమే.

పద్నాలుగు నెలల కిందట నా కూతురు తిలీలాకి రొమ్ములో గడ్డ తీసినప్పుడు డాక్టర్ సౌకైనా నన్నూ మా ఆయన మోహానీ పక్కకి పిలిచి క్యాన్సర్ అని చెప్పింది. మావైపు ఆ పేరు ఎవరూ పలకరు. "ఆ చెడ్డది" అంటారు, వెంటనే "మన గడపకి దూరం" అంటారు. "తెలిస్తే దానికి పెళ్ళెలా అవుతుంది?" అంది ఇట్టో. మా ఆయన నావైపు తిరిగి, "తల్లివి, నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో మేకని కొన్నా, గోడకి సున్నం వేసినా నన్నడిగింది లేదు. జీవితంలో నన్ను అడిగిన ఆ ఒక్కసారీ నేను, "దానికి చెప్పొద్దు" అన్నాను.

అప్పటినుంచి నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి మందులు తేవడం, రేకుల్లోంచి ఒలిచి పాత టీ డబ్బాలో పోయడం, "రక్తం పట్టే మాత్రలే తల్లీ" అని నవ్వుతూ ఇవ్వడం నా పని. నిద్రలో నిజం చెప్పేస్తానేమోనని దాని గదిలో పడుకోవడం కూడా మానేశాను. "ఇంట్లో ఉండేదానివి, నీకేం శ్రమ?" అంటాడు మా ఆయన.

నిన్న ఆసుపత్రిలో సభ పెట్టారు. ఈ జబ్బు వైద్యానికి కొత్త నిబంధనలు రాయాలని రాజధాని రబాత్ నుంచి పెద్దలు వచ్చారు. రోగుల ఇళ్ళవాళ్ళనీ పిలిచారు. కొత్త మందు పరిశోధనలో పోయినేడు మా ఊరి రోగులకి పదకొండు చోట్లు వస్తే నాలుగు ఖాళీగా వెనక్కి పోయాయట. "ఎందుకు? యంత్రాల లోటా, మనుషుల లోటా?" అని వాళ్ళలో కళ్ళద్దాలాయన అడిగాడు. జవాబు నాకూ సౌకైనాకీ తెలుసు. పరిశోధనలో చేరాలంటే రోగే సంతకం పెట్టాలి. జబ్బు పేరే తెలియని పిల్ల దేనిమీద పెడుతుంది? ఆ నాలుగు చోట్లలో ఒకటి నా కూతురిది.

లేచి నిలబడ్డాను. "లోటు మాలో ఉందయ్యా. దాచింది నేను. కానీ మీరూ, ఆడది లోపలికి రాగానే 'నీతో ఎవరొచ్చారు?' అనే అడుగుతారు. 'నీకేం తెలుసుకోవాలనుంది?' అని ముందు దాన్ని అడగండి. మాలాంటివాళ్ళు బతిమాలినా వినొద్దు. అలాగని కాగితంమీద రాయండి."

"ఇంకోసారి చెప్పండమ్మా, నెమ్మదిగా," అన్నాడాయన. రాసుకున్నాడు! నేను చెప్పిందే, నా ఎదుటే! వెనకనుంచి ఎవరో ముసలావిడ, "భేష్ ఇజ్జా!" అని నా పేరుపెట్టి కేక వేసింది. బయటికొచ్చాక సౌకైనా నా చేతులు పట్టుకుంది. "నేనూ మీ మాట వినకుండా ఉండాల్సింది," అంది. పరిశోధన మళ్ళీ మొదలవుతోందట. ఒక కాగితం ఇచ్చింది. సోమవారంలోగా తిలీలా సంతకంతో తేవాలి.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "పిల్లని చంపుతావా?" అన్నాడు. భయపడ్డాను. కానీ మొదటిసారి, భయపడి కూడా ఆగలేదు.

ఇప్పుడు రవ్వ పళ్ళెం పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను. తిలీలా గడప దగ్గర కూర్చుని జెల్లాబాలకి, ఆ పొడవాటి అంగీలకి, పట్టుదారపు గుండీలు అల్లుతోంది. ఎదురుగా కూర్చుని జబ్బుని దాని పేరుతోనే చెప్పాను. టీ డబ్బా సంగతి చెప్పాను. చెప్పొద్దన్నది నాన్న కాదు, నేనేనన్నాను. కొత్త మందు గురించి, రబాత్ ఆయన కలం గురించి చెప్పేటప్పుడు గొంతులో ఉత్సాహం ఆపుకోలేకపోయాను. దానికి సిగ్గుపడ్డాను కూడా.

అది తలెత్తలేదు. సూది లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. గుండీ పూర్తయింది. దారం పళ్ళతో తెంపింది. ఇంకోటి మొదలుపెట్టింది. పొయ్యిమీద కూర అడుగంటిన వాసన వచ్చింది, నేను లేవలేదు. వీధిలో నమాజుకి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తున్న చప్పుడు. రెండో గుండీ కూడా పూర్తయింది.

అప్పుడు సూదిని గుడ్డకి గుచ్చి, నా కళ్ళలోకి చూసింది.

"పద్నాలుగు నెలలు రక్తం పట్టే మాత్రలన్నావు. ఆ డబ్బా ఇటు తే. కాగితం కూడా."