తలుపు మీద మీటింగు

మా రేపల్లెలో ఒకప్పుడు టీవీ స్టూడియో ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఉండేదండీ. ఎక్కడో చలి దేశంలో ముసలి దొరసానులు చందాలేసుకుని పంపిన డబ్బుతో ఎనభై రెండులో కట్టారు. "సువార్త చిత్రవాణి" అని బోర్డు. మా పేట చివర, బడి పక్కనే. ఆ బళ్ళో నేను టీచర్ని, నా పేరు రిబ్కా. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. అననీ, నోరున్నది మాట్లాడ్డానికే కదా.

ఆ స్టూడియోలో పాటలూ, దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలూ, క్రిస్మస్ నాటకాలూ తీసేవాళ్ళు. క్యాసెట్లు చేసి ఊరూరా వీసీఆర్ పెట్టి చూపించేవాళ్ళు. ఏడాదికోసారి హైదరాబాదు టీవీలో అరగంట వచ్చిందంటే స్టూడియో కమిటీ సెక్రటరీ సుందరయ్యగారి కాళ్ళు నెల్రోజులు నేల మీద ఆనేవి కావు. ఆ నాటకాల గొప్పతనం నేనేం చెప్పను! బాల యేసుని చూడొచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల్లో ఒకడి చేతికి వాచీ ఉండేది. తీసేటప్పుడు కమిటీలో ఒక్కడూ చూసుకోలేదు.

కానీ లోపలి గది మాత్రం గదంటే గది. గోడల నిండా కొబ్బరిపీచు పరుపులు, కిటికీ అన్నది లేదు, జానెడు మందాన టేకు తలుపు. ఆ తలుపు మూస్తే బయట పిడుగు పడ్డా వినపడదు. దాని విలువ తెలిసిన మనిషి ఆ కమిటీలో ఒక్కరూ లేరు. తెలిసింది మా మేనత్త అచ్చమ్మకి.

డెబ్భై ఏడు ఉప్పెనలో దివి వైపు ఉండేవాళ్ళు అత్తావాళ్ళు. ఆ నీళ్ళలో మావయ్య పోయాడు, ఎనిమిదేళ్ళ దావీదు పోయాడు. తాడిచెట్టు పట్టుకుని అత్త ఒక్కతే మిగిలింది. మా నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. మామూలు రోజుల్లో మా అందరికంటే బాగానే ఉంటుంది. నన్ను తిడుతుంది, చేపలమ్మిని ఏడిపించి మరీ బేరమాడుతుంది. గాలి లేచిందా, అంతే. "ఒరే దావీదూ! దావీదూ!" అని అరుచుకుంటూ రోడ్డున పడుతుంది. ఒకసారి కాలవలో పడింది. ఇంకోసారి లారీవాడు బ్రేకు కొట్టబట్టి బతికింది. "దావీదు లేడత్తా, పోయాడత్తా" అని మేం వెంటపడి చెప్పేవాళ్ళం, ఆమె ఇంకా గట్టిగా అరిచేది. మందులు వాడాం, ఉపవాస ప్రార్థనలు పెట్టించాం. ఏదీ పని చెయ్యలేదు.

అత్తకి స్టూడియోలో ఊడ్చే పని దొరికాక మా ప్రాణాలు కుదుటపడ్డాయి. గాలి మొదలవగానే అత్తని లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు మూసేదాన్ని. ఇక గాలి చప్పుడే లేదు. లైటు కింద బియ్యం ఏరుకుంటూ, నన్ను తిట్టుకుంటూ చక్కగా కూర్చునేది.

ఎనభై ఎనిమిదిలో సుందరయ్యగారికి జ్ఞానోదయమైంది. "రేపల్లె అంటే రైలు ఆగిపోయే ఊరండీ. ఇక్కణ్ణించి ప్రపంచానికి ఏం వినిపిస్తాం? తెనాలి పోదాం, జంక్షను!" అన్నాడు. తెనాలిలో రైలుకట్ట పక్కన ఆయన అల్లుడి స్థలం ఒకటి ఎవరూ కొనక ఏడుస్తోందని కమిటీలో అందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు. లోపల ఏమీ లేని తలకాయలు, ఊపడానికి ఏం కష్టం?

పక్క ఊరికి సామాను మార్చడానికి ఎంత తంతో చూడండి. వీడ్కోలు సభ, షామియానా, కోడి పలావు. అక్కడ శంకుస్థాపన, మళ్ళీ పలావు. రాయి మీద సుందరయ్యగారి పేరు తప్పు చెక్కారని ఇంకో రాయి. బాపట్ల నుంచి ఒక ఇంజనీరుని కారులో పిలిపించారు. ఆయన పాపం చదువుకున్నవాడు, స్థలం చూడగానే "రైలుకట్ట పక్కన మైకు పెడతారా? వేరే చోటు చూసుకోండి" అన్నాడు. ఆయనకి ఫీజిచ్చారు, శాలువా కప్పారు, మాట మాత్రం పక్కన పెట్టారు. తర్వాత ఏముంది, పాట సగంలో ఉండగా మద్రాసు మెయిలు, సాక్ష్యం చెప్పేవాడు కన్నీళ్ళు పెట్టుకోగానే గూడ్సు. చప్పుడు ఆపడానికి గోడకి వెనక గోడ కట్టారు, దాని వెనక ఇంకో గోడ. దొరసానుల చందాలన్నీ ఆ ఇటికల్లోకి పోయాయి. చివరికి క్యాసెట్లు కొనడానికి డబ్బుల్లేక, బ్రహ్మాండమైన స్టూడియోలో ఏమీ తియ్యకుండా కూర్చున్నారు.

మా రేపల్లె బిల్డింగుని వదిలిపెడుతూ ఊరికే వదల్లేదు. గోడల పరుపులు పీకి అమ్ముకున్నారు. టేకు తలుపుని ఎనిమిదిమంది మోసి లారీ ఎక్కించారు. తీరా తెనాలిలో మేస్త్రి అప్పటికే గుమ్మం చిన్నది పెట్టేశాడు. ముందు కొలుచుకోవాలని ఒక్కడికీ తోచలేదు. ఆ తలుపుని ఇటికల మీద పడుకోబెట్టి, పైన గుడ్డ పరిచి కమిటీకి బల్ల చేసుకున్నారు. ఖాళీ బిల్డింగుని శేషగిరిరావనే ఎరువుల వ్యాపారికి గోడౌనుగా అద్దెకిచ్చారు.

దానికి కాపలా పున్నయ్య. పొద్దున్నే సారా పట్టించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని గుమ్మంలో పడి ఉండేవాడు. "కాస్త గాలి తగ్గేదాకా మా అత్తని లోపల కూర్చోనియ్యరా" అంటే, "ఓనరుగారు ఒప్పుకోరు టీచరమ్మా" అని కళ్ళు మూసుకునేవాడు. తాగుబోతు సచ్చినోడని వాణ్ణి నేను పిలవని రోజు లేదు.

రెండు వర్షాకాలాలు అత్తని మంచానికి చీరతో కట్టేశాం. కన్నతల్లి లాంటి మనిషిని, గొడ్డులా. ఇక లాభం లేదని రైలెక్కి తెనాలి వెళ్ళాను.

కమిటీ మీటింగులో ఉంది. తలుపు చుట్టూ కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

"ఏమ్మా రిబ్కా, ఇలా వచ్చావ్?" అన్నాడు సుందరయ్యగారు.

"ఈ తలుపు తిరిగి ఇప్పించండి. లోపలి గదొక్కటి మాకు వదిలెయ్యమని శేషగిరిరావుగారికి చెప్పండి. మా అత్త సంగతి మీకు తెలుసు కదండీ" అన్నాను. నా జన్మలో అంత మర్యాదగా ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఇది సంస్థ ఆస్తమ్మా. తీర్మానం కావాలి."

"చెయ్యండి. అందరూ ఇక్కడే ఉన్నారుగా."

"అజెండాలో లేదు కదా మరి."

ఇంకొకాయన టీ కప్పు తలుపు మీద పెడుతూ, "చెవుల్లో దూది పెట్టి చూడకపోయారా?" అన్నాడు. ఆయన పక్కాయన, "అన్నిటికంటే ప్రార్థన ముఖ్యం" అన్నాడు. అందరూ తలలూపారు.

"మీ ఇళ్ళల్లో ఎవరూ గాలికి పోలేదు కాబట్టి మీకు బిస్కెట్లు దిగుతున్నాయి" అని నేను లేచొచ్చేశాను. వెనకాల "ఈ పిల్లకి నోరెక్కువ" అని ఎవరో అన్నారు. స్టేషన్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ బాగా ఏడిచాను.

తొంభై మే నెలలో తుపాను వచ్చింది. పొద్దుటి నుంచే రేడియో గోల పెడుతోంది. మధ్యాహ్నానికి పేటలో తాటాకు కప్పులు లేచిపోవడం మొదలైంది. గట్టి బిల్డింగు ఒక్కటే, స్టూడియో. నేను గడ్డపలుగు తీసుకుని నడిచాను. వెనక పేటంతా, మధ్యలో అత్తని నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని.

పున్నయ్య బయటి తలుపుకి అడ్డం పడ్డాడు. "నా ఉద్యోగం పోతుంది టీచరమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడుపు. "ఛీ, లే అవతలికి! మనుషులు పోతుంటే ఉద్యోగమట!" అని తాళం పగలగొట్టాను. జనమంతా దూరాక చివరికి వాడూ సిగ్గులేకుండా లోపలికొచ్చి యూరియా మూటల మీదెక్కి పడుకున్నాడు.

లోపలి గది గుమ్మానికి తలుపు లేదు, గోడలకి పరుపులు లేవు. మూటలు తెచ్చి గుమ్మంలో పేర్చినా సందుల్లోంచి గాలి ఈల వేస్తూనే ఉంది. అత్త కళ్ళు అప్పుడే మారిపోతున్నాయి. "పాడండర్రా!" అన్నాను. బళ్ళో పిల్లల మీద అరిచినట్టే పెద్దవాళ్ళ మీదా అరిచాను. పేటంతా అందుకుంది. ముసలీ ముతకా, పసిపిల్లలూ, అందరూ తమకి వచ్చిన కీర్తనలన్నీ గొంతెత్తి పాడారు. గాలి వినపడకుండా పాడారు. అత్త నా ఒళ్ళో తల పెట్టుకుని వణుకుతూ ఉంది, కానీ లేవలేదు.

ఎంతసేపని పాడతారు! గొంతులు ఎండిపోయాయి. ఒక్కొక్కరూ ఆగిపోయారు. పొద్దువాలే వేళకి గాలి ఒక్కసారిగా హోరెత్తింది. అత్త లేచింది.

"దావీదూ!"

నలుగురం పట్టుకున్నాం. విదిలించి పారేసింది. మూటలు లాగేసుకుంటూ గుమ్మం వైపు వెళ్తోంది. "దావీదూ! ఒరే దావీదూ!" బయట రేకులు ఎగురుతున్నాయి. గుమ్మం దాటిందంటే అత్త మాకు దక్కదు.

"ఆఁ... ఇక్కడే ఉన్నానే అమ్మా!"

మూటల మీంచి వచ్చిందా గొంతు. పున్నయ్య. తాగినవాడు వేళాకోళం ఆడుతున్నాడనుకుని పళ్ళు రాలగొడదామని లేచాను. అత్త ఆగిపోయింది.

"ఎక్కడ్రా?"

"మూటల మీదున్నా. బయట గాలిగా ఉంది, నువ్వు వెళ్ళకు. కూర్చో."

అత్త ఆ చీకటిలోకే చూస్తూ నిలబడింది.

"అన్నం తిన్నావా?"

"తిన్నానే. నువ్వు పడుకో ఇంక."

అత్త అక్కడే మూటకానుకుని కూర్చుంది. కాసేపటికి నిద్రపోయింది. పదమూడేళ్ళ నుంచి ఆమె పిలుస్తూనే ఉంది. లేడనీ, పోయాడనీ మేం చెబుతూనే ఉన్నాం. పలకాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

వారానికి సుందరయ్యగారు కెమెరాతో దిగాడు. పేటని గోడ పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించి, "మా స్టూడియో ఇంతమందిని కాపాడింది" అని దొరసానులకి పంపించాడు. డబ్బొచ్చింది. ఇళ్ళకి కొత్త కప్పులు వస్తాయని పేట ఎదురుచూసింది. కమిటీ తలుపు చుట్టూ కూర్చుని, తెనాలిలో రైళ్ళ గోల ఎక్కువైంది కాబట్టి స్టూడియోని బాపట్లకి మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. బాపట్లలో రైలు లేదనుకున్నారు కాబోలు! మళ్ళీ లారీలు, మళ్ళీ పలావు. థూ, వీళ్ళ బతుకులు.

శేషగిరిరావు తడిసిన మూటలు చూసి పున్నయ్యని పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత వాడు రైలు స్టేషన్లో మూటలు మోస్తున్నాడని విన్నాను.

ఆ ఏడే కార్తీకంలో ఒక సాయంత్రం గాలి లేచింది. నేను చీర తీసుకుని అత్త మంచం దగ్గరికి వెళ్ళేసరికి మా అరుగు మీద ఎవరో దగ్గారు. చూస్తే పున్నయ్య, గోడకానుకుని బీడీ కాలుస్తున్నాడు. నేను పిలవలేదు. లోపల్నించి అత్త అరిచింది.

"దావీదూ! ఎక్కడున్నావురా?"

"ఇక్కడే, అరుగు మీదున్నా."

"తిన్నావా?"

"తిన్నానే అమ్మా."

తినలేదని వాడి మొహం చూస్తే నాకు తెలుస్తోంది. చీర దండెం మీద పారేసి వంటింట్లోకి వెళ్ళాను. పళ్ళెంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, నాకుంచుకున్న తలకాయ ముక్క కూడా వేసి తెచ్చి వాడి ముందు పెట్టాను.

"తిని చావు" అన్నాను. "నెమ్మదిగా తిను, గాలి ఇప్పట్లో ఆగేలా లేదు."