కప్పు దిగిన వారం

“నిచ్చెనా! ఒసేయ్ నిచ్చెనా! వంగి రావే, తెల్లారేసరికి ఇంకో మూరెడు దిగింది!”

వంటగదిలోంచి నాయనమ్మ కేకకి ఆ పిల్ల పడుకునే పైకి చూసింది. నిజమే. నిన్న చెయ్యెత్తితే అందిన ఇంటికప్పు ఇవాళ లేచి నిలబడితే నెత్తికి తగిలేలా ఉంది. నిచ్చెన అన్నది, ఈడుకి మించిన పొడుగని చిన్నప్పుడే తగిలించిన పేరు. బళ్ళో వేరే పేరుంది గానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప దాంతో ఎవరికీ పనిలేదు.

ఆ ఇంట్లో ఎవరికైనా గట్టి భయం పట్టుకుంటే కప్పు కిందికి దిగుతుంది. తాతయ్యకి ఆపరేషన్ అన్నప్పుడు దిగింది, నాన్న పుట్టబోయే ముందు దిగింది, భయం తీరాక దానంతటదే పైకి పోయింది. అందుకని ఈ వారం రోజులూ ఎవరూ కంగారు పడలేదు. ఫ్యాను విప్పి మంచం కిందికి తోశారు. బీరువాని వెల్లకిలా పడుకోబెట్టారు. నాయనమ్మ మాత్రం, “నేను ముందునుంచీ వంగే ఉన్నాగా, నాకేం బాధ?” అని నవ్వుకుంది.

అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో ఉంది. ఆరింటికి వెళ్తే మూడింటికి గానీ రాదు. గుమ్మం దగ్గర నడుం వంచి చెప్పులేసుకుంటూ అంది, “ఒక్క కాగితానికి ఇంత భయమా తల్లీ? కొంప నేలకంటుకునేలా ఉంది. ఐదింటికల్లా ఇచ్చెయ్యాలిగా, నేను మూడింటికొచ్చి సంతకం పెడతా. చదవకుండా మాత్రం పెట్టను, తెలుసుగా.”

ఆ మాటకే నిచ్చెన తలగడ కింది కాగితాన్ని ఇంకా లోపలికి తోసింది.

ఆ కాగితం ప్రభుత్వ విశ్వవిద్యాలయం దరఖాస్తు. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో అక్కడి లైబ్రరీ బొమ్మ ఉంది. పిట్టలు ఎగిరి తిరిగేంత ఎత్తు, పొడుగాటి కిటికీల్లోంచి పాలలాంటి వెలుగు. ఆ బొమ్మని ఆమె ఎన్నిసార్లు చూసిందో ఆ పేజీ మెత్తబడిపోయింది. అక్కడ సీటు రావాలంటే ఎనభై అయిదు దాటాలంటారు. ఆమెకొచ్చింది అరవై రెండు. ఊళ్ళో సగం మంది కంటే తక్కువే.

“మధ్యాహ్నం పాఠాల్లో తొంభై, పొద్దున పాఠాల్లో నలభై! నీ మార్కులు పన్నెండింటికి నిద్ర లేస్తాయా ఏంటి?” అని లెక్కల టీచరు ఆశ్చర్యపోయింది. తర్వాత గొంతు తగ్గించి దరఖాస్తు చివర డబ్బాలాంటి ఖాళీ గడి చూపించింది. మార్కులు తగ్గడానికి కారణముంటే రాయమని పన్నెండు గీతలు. “దీన్ని ఖాళీగా వదిలావో, మొదటి వడపోతలోనే పక్కన పడేస్తారు. నిజం రాయి. నిజమైతే వాళ్ళు ఆగి చూస్తారు.”

నిజం ఆమెకి తెలుసు. రాస్తే అమ్మ చదువుతుంది. అక్కడే ప్రాణం పోతోంది.

అమ్మ వీధి మలుపు తిరగగానే నాన్న పనిబల్ల ముందు స్టూలు జరిపాడు. నిచ్చెన కూర్చుంది. పట్టకారు తీసుకుంది. షాపువాళ్ళు రోజూ ఒక ట్రే నిండా చెడిపోయిన చేతిగడియారాలు పంపుతారు, పదకొండింటికి మనిషొచ్చి పట్టుకుపోతాడు. రెండేళ్ళుగా వాటి మూతలు విప్పేదీ, ఆవగింజలంతేసి మరలు బిగించేదీ ఆమె చేతులే. నాన్న గడియారం చెవికి ఆనించుకుంటాడు. “ఇది కుంటుతోంది తల్లీ. లోపలి చక్రం చూడు, పన్ను విరిగుంటుంది.” విరిగే ఉంటుంది. చెవి అంత మంచిది. కళ్ళే, మధ్యలో మసి పూసినట్టు, ఏటికేడు పోతున్నాయి. షాపు మనిషి వచ్చినప్పుడు భూతద్దం కంటికి బిగించుకుని దర్జాగా కూర్చుంటాడు. ఇల్లంతా ఆయనకి అడుగులతో సహా కంఠతా వచ్చు, నిచ్చెనకి మధ్యాహ్నం బడేనని నాయనమ్మకి చెప్పారు కాబట్టి అమ్మకీ, నాయనమ్మకీ అనుమానం రాలేదు.

“నాన్నా, ఆ డబ్బాలో ఏం రాయను?”

“జ్వరమొచ్చిందని రాయరాదూ?”

“రెండేళ్ళ జ్వరమా నాన్నా?”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. “గడియారాలవాడికి చూపు పోయిందంటే మీ అమ్మ ఏమైపోతుంది చెప్పు? నాకు మాటిచ్చావు కదరా.”

పైన దూలం కిర్రుమంది. సున్నం పొడి రాలుతుంటే ఇద్దరూ ఒక్కసారే ట్రే మీద చేతులు అడ్డం పెట్టారు. ఎవరి భయానికి దిగిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మూడింటికి అమ్మ బాగా వంగి లోపలికొచ్చింది. కప్పు కింది దూలం ఆమె నుదుటి దాకా వచ్చేసింది. “ఎవరి తలైనా పగుల్తుంది,” అని గొణుక్కుంటూ ఎర్రగుడ్డ చింపి దూలం పొడుగునా పీలికలు కట్టింది. తర్వాత నేలమీద బాసింపట్టు వేసుకుని దరఖాస్తు చదవడం మొదలెట్టింది. నిచ్చెన ఎదురుగా మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

“ఇదేంటే, ఈ డబ్బా ఖాళీగా ఉంది?”

“ఏం... ఏం లేదమ్మా. రాయడానికేం లేదు.”

“ఏం లేకుండా సగం పాఠాల్లో నలభై వస్తాయా? రెండేళ్ళ నుంచీ అడుగుతున్నా. ఎవరితోనైనా తిరిగావా? బడి ఎగ్గొట్టావా? నా కళ్ళల్లోకి చూసి చెప్పు.”

బడి ఎగ్గొట్టావా అన్న మాటకి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నోరు విప్పితే నాన్నకిచ్చిన మాట పోతుంది, విప్పకపోతే ఆ లైబ్రరీ పోతుంది. గడియారం చూసింది. మూడున్నర.

“దాన్నెందుకు నిలేస్తావు?” అంటూ నాన్న బల్ల దగ్గర్నుంచి లేచాడు. బల్ల నుంచి వాళ్ళ దాకా తొమ్మిదడుగులు. లెక్క ప్రకారమే నడిచాడు, నిటారుగా, గబగబా.

ఠక్కుమంది. ఎర్రపీలికల మధ్యలోంచి వెళ్ళి దూలానికి నుదురు కొట్టుకుని వెనక్కి కూలబడ్డాడు.

“అయ్యో నా కొడుకా!” నాయనమ్మ చెంబుడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. అమ్మ కొంగుతో నుదురు అదుముతూ, “పట్టపగలు, కళ్ళముందు అంతంత పీలికలు వేలాడుతుంటే కనబడలేదా...” అంది. అని ఆగిపోయింది. ఒక పీలిక తెంపి ఆయన ముఖం ముందు పట్టుకుంది.

“ఇదేం రంగు?”

“నువ్వు కట్టిందేగా,” అన్నాడు నాన్న. పీలికని వేళ్ళతో తడిమి, “పచ్చది,” అన్నాడు.

అమ్మ చేతిలోంచి ఎర్రపీలిక జారిపోయింది. నిచ్చెన ముందుకు జరిగింది. “అమ్మా, అసలు నాన్నకి...”

“నువ్వాగు తల్లీ. ఇంత కాలం ఆపాను, ఇంకొక్క నిమిషం ఆగు.” తడుముకుంటూ భార్య చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. “నువ్వు కలం తీసుకో. నేను మీ అమ్మకి చెప్తాను, నువ్వు ఆ డబ్బాలో రాసుకో. నాకు కళ్ళు కనబడవు. రెండేళ్ళయింది. గడియారాలు బాగుచేసేది నేను కాదు, ఇది. పొద్దున బడిగంట నాకూ వినబడేది. ఒక్కరోజు కూడా దీన్ని వెళ్ళమనలేదు. దాని చదువు తిన్నది నేనే.”