రెండో ముడి

శనివారం పొద్దున్నే లేచి వర్కినేష్ ఇల్లు పీకి పందిరేసింది. ఉన్నది ఒక్క గది, అందులో పీకడానికి ఏముందని అడక్కండి. పరుపు ఎండలో వేసి దులిపింది. నేల కడిగి, కాఫీ వేడుకకి పరిచే ఆనవాయితీ గనక పచ్చగడ్డి పరిచింది. పచ్చి కాఫీగింజలు కడిగి ఆరబోసింది. వాటిని వచ్చినామె కళ్లెదుటే వేయించాలి గనక అంతవరకే చేసి ఆపింది. కోడికూర రాత్రే వండి పెట్టింది.

ఇంత హడావుడీ తమందా కోసం. బీరూట్‌లో ఇంటిపని మానేసి సొంతదేశం మలావీ వెళ్లిపోతూ, దారిలో వర్కినేష్ ఉండే అడిస్ అబాబాలో విమానం మారుతోంది. మధ్యలో ఏడు గంటల ఖాళీ ఉంది.

పక్కింటి ఎతగెన్ గుమ్మంలో నిలబడి ముక్కున వేలేసుకుంది.

"ఏమే, వచ్చేది స్నేహితురాలా, పెళ్లికొడుకా?"

"పెళ్లికొడుక్కి ఇంత చెయ్యను అక్కా. ఒకడికి చేసి చూశాగా."

"ఏడు గంటలంటే బోలెడు. కొండమీద చర్చికి తీసుకెళ్లు. బజారంతా తిప్పు."

"ఎక్కడికీ తిప్పను. తొమ్మిదేళ్లు నిలబడే ఉంది ఆ మనిషి. ఇక్కడ కూర్చోబెడతా. మూడు విడతల కాఫీ తాగిస్తా. జడలల్లుతా. ఆ తర్వాత పట్టపగలు పడుకోమంటా."

"విమానం దిగొచ్చి నీ ఇంట్లో పడుకోవడమేంటే, విడ్డూరం కాకపోతే!"

"పగటిపూట ఒక్కసారి పడుకోవాలని దాని కోరిక. నీకేం తెలుసు."

ఎతగెన్‌కి నిజంగానే తెలియదు. బీరూట్‌లో వర్కినేష్ పనిచేసింది ఐదో అంతస్తులో. సందుకి అవతల, ఎదురు మేడలో అదే అంతస్తులో తమందా ఉండేది. ఇద్దరి పాస్‌పోర్టులూ యజమానురాళ్ల బీరువాల్లో ఉండేవి, ఇద్దరూ గడప దాటడానికి వీల్లేదు. బాల్కనీల్లో బట్టలు ఆరేస్తూ, అక్కడే నేర్చుకున్న వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుకునేవాళ్లు. అలా ఆరేళ్లు మాట్లాడుకున్నారు. ఒక్కసారైనా చేతికి చెయ్యి తగల్లేదు.

తమందా దగ్గర ఒక పసుపు గుడ్డ ఉండేది. దాన్ని కమ్మీకి ఒక్క ముడి వేసి కడితే, బయటున్నాను రా అని. రెండో ముడి కూడా వేస్తే, అమ్మగారొచ్చింది, లోపలికి పోతున్నా, ఇక రేపే అని.

గంటల దగ్గర మాత్రం రోజూ తగువే. వర్కినేష్ వాళ్లకి గంటలు మొదలయ్యేది పొద్దు పొడిచాక. లోకానికి పొద్దున ఎనిమిదైతే వాళ్లకి రెండు. "రేపు రెండింటికి రా" అంటే చాలు, తమందా బాల్కనీ మీంచి వంగి, "మీ రెండా, మా రెండా?" అని అడిగేది. "సూర్యుడు మీ ఊళ్లోనే పుట్టాడేంటి?" అని వెక్కిరించేది.

మూడేళ్ల కిందట వర్కినేష్ ఇంటికొచ్చేసింది. వచ్చిందన్న మాటే గాని, అన్నీ చెప్పుకునే మనిషి ఆ సందు అవతలే ఉండిపోయింది. ఈ ఊళ్లో బీరూట్ సంగతులు ఎత్తితే, బంగారం ఎంత తెచ్చావని అడిగేవాళ్లే అందరూ.

మొన్న బుధవారం ఆ మేడ కాపలాదారు ఫోన్ నుంచి కబురొచ్చింది. "శనివారం రెండింటికి దిగుతాను. తొమ్మిదింటికి ఎక్కుతాను. కాఫీ పెట్టు." వర్కినేష్‌కి కాలు నేలమీద నిలవలేదు. పాపం పరాయిదేశం మనిషి, దాని రెండంటే మధ్యాహ్నం, మన లెక్కలో ఎనిమిది అని తనే సరిచేసుకుంది. "వస్తా" అని జవాబిచ్చింది. ఆరేళ్లు నలిగిన ఆ ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు.

మధ్యాహ్నం బయల్దేరే ముందు, ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ కోసం ఎతగెన్ ఇంటికెళ్లింది.

"పొద్దుట్నుంచి చంటిపిల్లలా ఒకటే ఏడుపు నీ ఫోన్" అంది ఎతగెన్.

"మరి చెప్పవేం?"

"నువ్వా రొట్టెల పెనం దగ్గర పొగలో ఉన్నావ్. పరాయివాళ్ల ఫోన్ నేనెందుకు ఎత్తుతానే?"

ఎవరిదో తెలియని నంబరు, ఐదుసార్లు. పొరపాటున చేసుంటారులే అనుకుని వర్కినేష్ ఫోన్ సంచిలో పడేసింది.

తమ లెక్కలో ఎనిమిదికి ఇంకా పావుగంట ఉందనగా విమానాశ్రయం చేరింది. వచ్చేవాళ్ల కోసం జనం ఎదురుచూసే చోట, కార్ల పక్కన నిలబడి తలుపు వంక చూసింది. దగ్గర్లో చిన్న పీట మీద కూర్చుని కాఫీ అమ్మే ఆమె పలకరించింది.

"ఒక కప్పు పొయ్యనా చెల్లీ?"

"వద్దక్కా. నా స్నేహితురాలు దిగుతోంది. దానితో కలిసి ఇంట్లోనే తాగాలి."

కాఫీ ఆమె తలెత్తి పరీక్షగా చూసింది. "బీరూట్ మనిషా?"

"నీకెలా తెలుసు?"

"వర్కినేష్‌వి నువ్వేనా! ఇంతసేపూ ఎక్కడ చచ్చావే? నా ఫోన్ నుంచి ఐదుసార్లు చేసింది నీకు. నేనూ జిద్దాలో ఊడిగం చేసొచ్చినదాన్నే, అరబ్బీలో అన్నీ చెప్పింది. పొద్దున రెండున్నరకి బయటికొచ్చింది. మధ్యాహ్నం ఏడు కొట్టాకే లోపలికి పోయింది."

"రెండంటే... అది దాని రెండు గదా అక్కా?"

"నేనూ అదే అడిగా, ఏ లెక్కలో చెప్పావే పిల్లా అని. మీ లెక్కలోనే చెప్పా, వర్కినేష్‌కి తికమక కాకూడదని, అంది."

వర్కినేష్ సంచి చంకన పెట్టుకుంది. తలుపు దగ్గరికి పరుగెత్తింది. కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"టిక్కెట్టుందా అక్కా?"

"లేదు తమ్ముడూ. ఒక్క నిమిషం. మలావీ వెళ్లే మనిషిని ఒక్కసారి చూసొచ్చేస్తా."

"మలావీ వాళ్లంతా ఈపాటికి తనిఖీ దాటేసుంటారు. దాటినవాళ్లు ఇటు రారు. వెళ్లక్కా, ఏడవకు."

తన నెత్తి తనే బాదుకోవాలనిపించింది. ముప్పావుగంట ముందొచ్చినా దొరికేది. ఫోన్ ఎత్తినా దొరికేది. తిరిగొచ్చి అడిగింది.

"కాఫీ అయినా తాగిందా అక్కా?"

"లేదు. నీ చేతి కాఫీయే తాగాలంది. పీట వేస్తే కూర్చోనూ లేదు. కూర్చుంటే నువ్వు కనపడవట. అదిగో, ఆ కమ్మీ పట్టుకుని అలా నిలబడే ఉంది."

ఇక్కడ కూడా నిలబడే ఉంది. ఆ మాటకి వర్కినేష్‌కి ఏడుపు ఆగలేదు.

కమ్మీ దగ్గరికి నడిచింది. చివరి కడ్డీకి పసుపు గుడ్డ కట్టి ఉంది. ఉతికి ఉతికి రంగు వెలిసింది గాని, అదే గుడ్డ. తొలిసారి చేత్తో ముట్టుకుంది. దానికి రెండు ముళ్లున్నాయి. లోపలికి పోతున్నా, ఇక రేపే అని.

గోళ్లతో తంటాలు పడి వర్కినేష్ ఆ రెండో ముడి విప్పింది. ఒక్క ముడి మిగిలింది. తొమ్మిది దాటేదాకా దాని పక్కనే నిలబడింది.