అతుకుడు ప్రోగ్రాం

సుహాసిని ఇంట్ల లాప్‌టాప్ పైసలు పెడుతాందట. పొద్దున తొమ్మిదింబావుకు మొదలుపెడితే మూడున్నర దాకా కోడి గుడ్డు పెట్టినట్టు పెడుతనే ఉంటదట. ఈ మాట నీళ్ల ట్యాంకర్ కాడ బక్కమ్మ చెప్పింది. బక్కమ్మకు వాళ్ల ఆడిబిడ్డ చెప్పింది. ఆడిబిడ్డ కండ్లతోటి చూసిందా అంటే చూడలేదు. "ఆమె మొగడు కుమారస్వామి, నూలిచ్చే సేటుకు ఫోన్ చేసి ఇంక పడుగు వద్దన్నడంట. పెండ్లాం అట్ల సంపాదిస్తాంటె మొగనికి మగ్గం, నాడె ఎందుకు మరి" అనుకుంట బక్కమ్మ బిందె ఎత్తుకున్నదట. ఆ ముచ్చట మా గల్లీ దాకా వచ్చేటాళ్లకు వేలు లక్షలైనయి. అప్పటికే అక్కడ ఉన్నయి గూడ పోయినయన్న సంగతి మాత్రం ఎవలూ మోసుకరాలేదు.

కుమారస్వామి కొత్తవాడల జంపఖానాలు నేస్తడు. పదిహేనేండ్లకు గుంట మగ్గంల కాళ్లు పెట్టిండు, ఇప్పుడు నలభై నాలుగు. కుడి భుజం అరిగిపోయింది. దవాఖానల డాక్టరు ఫిల్ము లైటుకు పట్టి చూసి, "ఇంకో ఏడాది నేస్తే ఈ చెయ్యి తల దువ్వుకోనీకె గూడ లేవదు. పని మార్చుకో" అన్నడు. ఏం పనికి మార్చుకోవాల్నో చెప్పలేదు.

సుహాసిని సుబేదారిల పాండురంగం జిరాక్సు షాపుల టైపింగు చేస్తది. ఇంజినీరింగు పిల్లలు ల్యాబు రికార్డులు టైపు చేయమని తెస్తరు. మూడేండ్లు అర్థం కాకుంటనే టైపు చేసింది. ఒకనాడు షేర్ల ధర చూసి తనంతట తనే కొని, తనంతట తనే అమ్మే ప్రోగ్రాం ఒకటి రికార్డుల కనబడ్డది. ఆనాటి నుంచి టైపు చేసుడు ఆపి చదువుడు మొదలుపెట్టింది. పాండురంగం పాత లాప్‌టాప్ కిస్తుల మీద ఇచ్చిండు. వీడియోలు చూసి, కమాండ్లు తెలుగు అక్షరాలల్ల నోటుబుక్కుల రాసుకున్నది. లైను చివర రెండు చుక్కలు పెట్టుడు మర్చిపోయి నాలుగు దినాలు ఒక్క లైను కాడనే కూసున్నది.

"నా కొడుకుకు మగ్గం రానీకె ఆర్నెల్లు పట్టింది. నీ డబ్బా ఎన్నడు నేర్చుకుంటదే?" అని అత్త పోశవ్వ ఎక్కిరిచ్చేది.

"అది నేర్చుకునేది ఏం లేదత్తమ్మా. నేర్చుకోవాల్సింది నేనే."

ఆమె లెక్క పెద్దదేం కాదు. మగ్గం మీద నెలకు ఎనిమిది వేలు వస్తాయి. ఆ ఎనిమిది వేలు ప్రోగ్రాం తెస్తే మొగడు గుంటల నుంచి లేస్తడు. అంతే. పెట్టుబడికి, నేతోళ్ల పొదుపు పథకం కింద కుమారస్వామి మజూరీలకెంచి నెలనెలా కోసి ఒక్కసారే తిరిగిచ్చిన రెండు లక్షల ఇరవై వేలు ఉన్నయి.

ప్రోగ్రాం ఒక్క మందుల కంపెనీ షేరునే చూస్తది. ధర జర తగ్గితే కొంటది, పెరిగితే అమ్ముతది. మన రూపాయికి షేర్ల బ్రోకరు తన నాలుగు రూపాయలు కలిపి కొననిస్తడు, ఆ దినమే మూడున్నర లోపల అమ్మి లెక్క తేల్చాలె. వీడియోల సారు ఒక మాట గట్టిగ చెప్పిండు. ఇంత నష్టం రాంగనే అమ్మేసి బయటపడేటట్టు ఒక లైను రాయాల్నని. సుహాసిని ఆ లైను రాసి, మొగన్ని అడిగింది.

"కొన్నంక ధర ఇంకా పడ్డదనుకో. నష్టానికి అమ్మేద్దామా?"

కుమారస్వామి మగ్గం కాడికెంచి తల ఎత్తలేదు. "పోగు తెగిందని పడుగు కోసుకుంటరా ఎవలన్న? తెగినకాడల్లా అతుక్కుంట పోవాలె. పడుగు నడుమ కోసినోని ఇంట్ల పొయ్యి అంటుకోదు."

ఆమె నేతోళ్ల బిడ్డ. ఈ మాట పుట్టినింట్ల గూడ విన్నదే. ఆ లైను చెరిపేసి, ధర పడ్డప్పుడల్లా ఇంకిన్ని కొనేటట్టు రాసింది. గడిచిన ఆరునెలల ధరల మీద నడిపి చూస్తే, అతికిన ప్రతిసారీ ధర మళ్ల లేసింది. మొగని మాటే నిజమైంది.

మొదటి నెల తొమ్మిది వేలు వచ్చినయి. రెండో నెల ఏడున్నర. పొద్దున లాప్‌టాప్ మీద దుమ్ము కుమారస్వామే తుడిచేటోడు.

లాప్‌టాప్‌కు నెట్టు సుహాసిని ఫోన్ నుంచే. అందుకని ఫోన్ ఇంట్లనే పెట్టి షాపుకు పోయేది. కొన్నా, అమ్మినా ఫోన్ ఒక్క తీరుగనే టింగుమంటది. మామూలుగ దినానికి నాలుగైదుసార్లు. మూడో నెల ఒక బేస్తారం మాత్రం పది కొట్టంగనే మొదలై ఆగలేదు.

"ఇయ్యాల మస్తు మోగుతాంది కదరా. ఎవల మొకం చూసి లేసినవో" అన్నది పోశవ్వ.

"నీ మొకమేనే అవ్వా."

పదకొండు దాటేసరికి పద్నాలుగు మోతలు లెక్కపెట్టిండు కుమారస్వామి. రెండు నెలల నుంచి గొంతుల పెట్టుకొని తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. సేటు సారంగపాణికి ఫోన్ చేసిండు. "సేటూ, ఈ జంపఖానా రేపటికి అయిపోతది. ఇంకో పడుగు నాకు పంపకుండ్రి. వేరేటోళ్లకు ఇయ్యుండ్రి." ఆ మాట చెప్పి మంచంల ఒరిగిండు. నడిపొద్దుల పండుకోవుడు ఆయనకు అదే మొదటిసారి. రెండు కాకముందే ఫోన్ వరుసపెట్టి మళ్ల మోగింది. నిద్రలనే నవ్విండని పోశవ్వ అంటది.

సాయంత్రం సుహాసిని వచ్చి, చెప్పులు విడవకుంటనే లాప్‌టాప్ ముంగట కూసున్నది.

"ఎంతొచ్చినయే?"

ఆమె లాప్‌టాప్ ఆయన దిక్కు తిప్పింది. ఆయనకు ఇంగ్లీషు రాదు గని ఎరుపు తెలుసు. తెర నిండ ఎరుపే ఉన్నది. ఆ కంపెనీ మందులను పై దేశమేదో వద్దన్నదట. పొద్దటి నుంచి షేరు పడుతనే ఉన్నది. పడ్డకాడల్లా ప్రోగ్రాం కొన్నది. మన పైసలు, బ్రోకరు కలిపిన పైసలు ఒడిసినంక గమ్మున కూసున్నది. ధర ఇంకా జారేసరికి బ్రోకరు తన పైసలు మునుగుతయని రెండు కాకముందే మొత్తం అమ్మి పడేసిండు. నలభై ఒక్క వేలు మిగిలినయి.

"అతుక్కుంట పోయింది" అన్నది సుహాసిని. "నువ్వు చెప్పినట్టే. నేను రాసినట్టే."

మిగిలినయి ఇంటి కిరాయికి, మందులకు అని పోశవ్వ గుంజుకున్నది.

తెల్లారి కుమారస్వామి సేటు ఇంటికి పోయిండు. సారంగపాణి చెడ్డోడేం కాదు. "నిన్ననే యాకయ్యకు ఇస్తినయ్యా. నువ్వే వద్దంటివి గద. ఇప్పుడు నా కాడ మొద్దు జంపఖానాల పడుగే ఉన్నది. నూలు లావు, పోగు పోగుకు దెబ్బ గట్టిగ పడాలె. నీ చేతులతోటి అయితదా?" అన్నడు.

అయితదనే చెప్పిండు. ఇంకేం చెప్తడు.

ఐతారం నాటికి ఆ పడుగు మగ్గానికి ఎక్కింది. పొద్దటి నుంచి ఒక్క మూరెడు నేసి, వేడినీళ్ల సంచి భుజానికి కట్టుకొని గడప మీద కూసున్నడు. సుహాసిని మూడు దినాలు ముట్టని లాప్‌టాప్ తెరిచి, శానా సేపు టైపు కొట్టి, ఆయన ముంగట పెట్టింది. పోశవ్వ బియ్యంల రాళ్లు ఏరుడు ఆపి చూసింది.

"ఇగో, చెరిపేసిన లైను మళ్ల పెట్టిన. ఇప్పుడు జర నష్టం రాంగనే అమ్మేసి బయటపడుతది. మొన్నటి బేస్తారం ధరల మీద గూడ నడిపి చూసిన. ఐదువేలకంటే ఎక్కువ పోయేటియి కావు. ఇప్పుడు నాకు సమజైందయ్యా. ఒక్క లక్ష మళ్ల జమైతే సాలు."

కుమారస్వామి తెర దిక్కు చూడలేదు.

"ఆ లక్ష జమ చేసేది ఈ చెయ్యే గదనే."